విచ్ఛిన్నాగ్ని సంధానం

వివాహదినాన ప్రతిష్ఠించుకొన్న ఔపాసనాగ్నిని గృహస్థు జీవితాంతం కాపాడుకోవాలని విధించిన కల్పశాస్త్రం, ప్రవాసం వల్లనో, వ్యాధి వల్లనో, కేవలం ఆలస్యం వల్లనో ఆ అగ్ని ఎప్పుడో ఒకప్పుడు ఆరిపోతుందని కూడా ముందుగానే ఎరిగి ఉన్నది. ఎరిగి అతణ్ణి వెలివేయలేదు. ఏమీ జరగనట్లు మరునాటి ఉదయం అగ్గిపుల్ల గీసి హోమం కొనసాగించుకొమ్మనీ అనలేదు. విచ్ఛిన్నాగ్ని సంధానమనే విధిని ఏర్పరచి, అగ్ని లేకుండా గడచిన కాలాన్ని సంకల్పంలో ఒప్పుకొని, దానికి తగిన ప్రాయశ్చిత్తాన్ని అంగీకరించి, అగ్నిని పునఃప్రతిష్ఠించుకొమ్మన్నది. నిరాశకూ తొందరపాటుకూ నడుమ పూర్వులు వేసిన ఈ సన్నని బాట వైదికకర్మలకు దూరమైన నేటి పాఠకునికి గృహ్యసూత్రాల ద్వారా కనబడకపోవచ్చును గాని, ఇంటి వెనుక రేకులషెడ్డులో చక్రాలు నేలకు అంటుకుపోయి, అద్దాల మీద దుమ్ము పొరలుకట్టి, ఏళ్ళ తరబడి కదలక నిలిచిన పాత అంబాసిడర్ కారును మళ్ళీ నడిపించబూనిన మనిషి పక్కన ఓపికగా నిలబడితే తప్పక కనబడుతుంది.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాతృకగా గ్రహించి, హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన ఈ వాహనం, మంత్రులనూ, వైద్యులనూ, పెళ్ళికొడుకులనూ, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులనూ సమానంగా మోసింది. దాని బాహ్యరూపాన్ని గుర్తుపట్టనివారు లేరు. ముందు తలుపు తీసి కూర్చోగానే వచ్చే ఆ సీట్ల వాసనను మరచినవారూ అరుదే. కానీ దాన్ని వాహనంగా నిలిపినది ఆ రూపం కాదు, బానెట్ కింద నాలుగు సిలిండర్లలో దాగి ఉన్న అగ్ని. ఆవిరియంత్రంలో నిప్పు బయట మండి నీటిని కాచుతుండగా, ఇక్కడ దహనం యంత్రగర్భంలోనే, ప్రాణికోటి జఠరంలో వైశ్వానరుడు జ్వలించినట్లే, ఎవరి కంటికీ కనబడకుండా జరుగుతుంది; అంతర్దహన యంత్రమని శాస్త్రజ్ఞులు దీనిని పిలవడం అందుకే. పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోనికి ఆకర్షించడం పూరకం. కవాటాలు రెండూ మూసుకొని ఆ మిశ్రమం సంపీడితం కావడం కుంభకం. ఆ బిగింపు చివరి అంచున అగ్నికణం పుట్టి మహాబలంతో పిస్టన్‌ను కిందికి తోయడం ఆ నిరోధానికి దక్కిన ఫలం. దగ్ధశేషాన్ని బయటికి విడవడం రేచకం. బిగింపు లేకుండా మండిన పెట్రోలు వాహనాన్ని అంగుళమైనా కదపలేదు. బిగింపు ఉన్నప్పుడు అదే పెట్రోలు, అదే గాలి, 1489 సీసీల ఆ చిన్న గుహలో టన్నుకు మించిన బరువును కొండ ఎక్కించగలవు. శక్తి ఇంధనంలో ఎంత ఉన్నదో నిరోధంలోనూ అంతే ఉన్నదని ప్రాణాయామం నేర్చినవారు వేరే చెప్పించుకోనక్కరలేదు.

శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును కళ్ళెంగా, ఇంద్రియాలను గుర్రాలుగా నిరూపించిన కఠోపనిషత్తు ప్రధానంగా హెచ్చరించినది అదుపు తప్పి పరుగెత్తే గుర్రాలను గురించి. మన ప్రవచనాలలో, నీతిగ్రంథాలలో కూడా చాంచల్యానికి దొరికినంత చోటు జడత్వానికి దొరకదు. పరుగెత్తే మనస్సును పట్టుకోవడం ఎలాగో నూటొక్కమంది చెబుతారు. ఆగిపోయిన మనస్సును కదపడం ఎలాగో చెప్పేవారు తక్కువ. అయితే పతంజలి తన తొమ్మిది అంతరాయాలలో వ్యాధి తరువాత వెంటనే స్త్యానాన్ని పేర్కొన్నాడు; చిత్తం పనికి లొంగక, కోరిక ఉన్నా కదలిక లేక బిగుసుకుపోయిన స్థితి అది. షెడ్డుల్లో మెకానిక్కులు 'ఇంజన్ పట్టేసింది' అనే మాట ఈ స్థితికి ఎంత సహజంగా అమరుతుందో గమనించదగినది. గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు అడిగిన ప్రశ్న కూడా ఈ స్థితిని గురించినదే: శ్రద్ధ ఉండి, ప్రయత్నం నిలవక, యోగం నుంచి జారిపోయినవాని గతి ఏమిటి? శ్రీకృష్ణుడు అతనికి వినాశం లేదని అభయమిచ్చి, పూర్వాభ్యాసం అతణ్ణి తిరిగి ఆ దారికే ఆకర్షిస్తుందని చెప్పాడు. ఈ అభయాన్ని తలచుకొని ఊరట పొందేవారు, ఆకర్షణ కలిగిన తరువాత ఏం చేయాలన్నది తమకే విడిచిపెట్టబడిందన్న సంగతి సాధారణంగా మరచిపోతారు.

పాతకారు మీద ఒకనాడు హఠాత్తుగా మమకారం పుట్టినవాడు మొదట చేసే పని కొత్త బ్యాటరీ తెచ్చి తగిలించి సెల్ఫ్ కొట్టడం. ఇంతకంటే హింస ఆ యంత్రానికి మరొకటి లేదు. దీర్ఘకాలం నిలిచిన ఇంజనులో నూనె అంతా పైనుంచి జారి కింది చాంబరులో చేరుకొని ఉంటుంది. బేరింగుల మీద, సిలిండరు గోడల మీద ఒకప్పుడు లోహాన్ని లోహం తాకకుండా కాపాడిన ఆ పలుచని పొర ఎండిపోయి ఉంటుంది. ఏ కవాటమో తన గొట్టంలో తుప్పుతో అతుక్కొని ఉంటే, సెల్ఫ్ మోటారు బలవంతానికి దాన్ని తోయవలసిన పుష్‌రాడ్ వంగిపోతుంది. పిస్టన్ రింగు గోడకు పట్టుకొని ఉంటే విరిగిపోతుంది. పదిహేనేళ్ళ నిద్ర చేయని నష్టాన్ని పది క్షణాల ఉత్సాహం చేస్తుంది. ఏళ్ళ తరువాత జపమాల చేతికి తీసుకొన్నవాడు మొదటి నాడే వేయి గాయత్రి చేయబూనడం, పది సంవత్సరాలుగా పలకరించని అన్నదమ్ముల ఇంటికి పండుగనాడు పిలవకుండా వెళ్ళి పాతపంచాయితీ అంతా ఆ పూటే తేల్చివేయబూనడం ఈ కోవలోవే. యోగసూత్రాల కైవల్యపాదంలో రైతు ప్రస్తావన ఒకటి వస్తుంది: చేనికి నీరు పెట్టే రైతు నీటిని చేతులతో తోయడు, అడ్డంగా ఉన్న గట్టును మాత్రం తీస్తాడు, పల్లానికి పారడం నీటికి స్వభావం కనుక అదే పారుతుంది. నిలిచిన యంత్రాన్ని లేపడమంటే దానిలోకి బలాన్ని చొప్పించడం కాదు. గాలి రావలసిన దారి, ఇంధనం రావలసిన దారి, విద్యుత్తు రావలసిన దారి, నూనె నడవవలసిన దారి, ఈ నాలుగింటికీ అడ్డమైనవేవో కనుగొని తొలగించడమే. మండే స్వభావం పెట్రోలుకు సహజంగా ఉన్నది.

అందుచేత తెలిసిన మిస్త్రీ తాళంచెవి అడగడు. బానెట్ ఎత్తి, చేతులు కట్టుకొని చాలాసేపు చూస్తాడు. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీస్తే అందులో ఎలుక కాపురం బయటపడుతుంది, పీచూ, గుడ్డపీలికలూ, నమిలిన వైర్ల తొక్కలూ సహా. సైలెన్సర్ గొట్టం చివర కుమ్మరిపురుగు మట్టితో గూడు కట్టి దారిని పూర్తిగా మూసివేసి ఉంటుంది. ఇవి శత్రువులు కావు, కావాలని చేసిన అపకారమూ కాదు. యజమాని విడిచిన ఇంట్లో ఎవరో ఒకరు కాపురం పెట్టడం లోకధర్మం. అభ్యాసం విడిచిన అంతఃకరణంలో కూడా శూన్యం శూన్యంగా ఉండిపోదు, ఏదో ఒక కాలక్షేపం, ఏదో ఒక వ్యసనం, వినడానికి హానిలేనిదిగానే కనిపించే ఏదో ఒక కబుర్ల సందడి చల్లగా చేరి గూడు కట్టుకొని, కొన్నాళ్ళకు అదే అసలు గృహస్థయి కూర్చుంటుంది. తరువాత పెట్రోలు ట్యాంకు. అందులో మిగిలిపోయిన పెట్రోలు చూపుకు ద్రవంగానే ఉంటుంది. ముక్కుకు మాత్రం నిజం తెలుస్తుంది. సులభంగా ఆవిరయ్యే సూక్ష్మాంశాలు ఏనాడో ఎగిరిపోయి, మిగిలినది గాలితో కలిసి మార్పు చెంది, పాతరంగు డబ్బా వాసన వేస్తూ, జిగురుగా చిక్కబడి, కార్బురేటరులోని వెంట్రుకవాసి రంధ్రాలను లక్కలా మూసివేస్తుంది. వెలిగించే గుణం పోయి అంటుకొనే గుణం మాత్రం మిగిలిన ఇంధనమది. ఒకనాడు చదివి, మననం చేయక, ఆచరణకు తేక, జ్ఞాపకంలో నిలువచేసుకొన్న శాస్త్రజ్ఞానం ఇటువంటిదే. వాదనకు పనికివస్తుంది, వెలుగుకు పనికిరాదు. దాని మీద కొత్త పెట్రోలు పోసి సరిపుచ్చుకొందామనే లోభం చాలామందికి కలుగుతుంది. ట్యాంకు దించి, మొత్తం ఒంపి, అడుగున చేరిన తుప్పును కడిగిన తరువాతనే కొత్తది పోయాలి. పోసే కొత్తది కూడా ఒకప్పటిది కాదన్న ఎరుక ఉండాలి: 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు, ఇటీవలి కాలంలో అందులో ఇథనాలు కలిపి నాటి రబ్బరు గొట్టాలను మెత్తబరచే గుణాన్నీ, తేమను పీల్చుకొనే గుణాన్నీ జతచేశారు. కారు నిద్రపోయినంతసేపు లోకం నిద్రపోలేదు. తిరిగి సాధనకు వచ్చినవాడు నాటి గురువూ, నాటి ఊరూ, నాటి వయస్సూ దొరకలేదని విచారించడం మాని, ఇప్పటి ఆహారానికి తగిన గొట్టాలను మార్చుకోవడం మేలు.

ఆ పిమ్మట జరిగేది బయటివారికి ఏమీ జరగనట్లు కనిపించే ఘట్టం. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల గుండా ఒక్కొక్క సిలిండరులోకి కొంత నూనె, దానితోపాటు తుప్పులోకి దిగే పలుచని ద్రవమేదైనా, చాలాచోట్ల డీజిలే, పోసి వదిలివేస్తారు. ఒక రోజు కాదు, రోజులు. నాలుగు సిలిండర్ల ఇంజను ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక సిలిండరు కవాటం తెరుచుకొనే ఉంటుంది. వానాకాలపు తేమ ఆ ద్వారం గుండానే ప్రవేశించి, ఆ ఒక్క సిలిండరునే ఎక్కువగా తింటుంది, తక్కిన మూడూ దాదాపు శుభ్రంగా ఉంటాయి. పూర్తిగా చెడిన మనిషి ఎక్కడా లేడు. ఆగిపోయిన క్షణాన ఏ ద్వారం తెరిచి ఉండిపోయిందో, కోపమో, లోభమో, అసూయో, తుప్పు అక్కడ పట్టింది, అంతే. ఇంజను మొత్తం పోయిందని తీర్మానించేవాడూ, నాలుగింటికీ సమానంగా వైద్యం చేసేవాడూ ఈ సంగతి ఎరుగరు. నూనె నాని దిగిన తరువాత బండిని టాప్ గేరులో పెట్టి, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతారు. చక్రాల నుంచి వచ్చే ఆ స్వల్పమైన కదలిక లోపలి వరకు పాకి, ఒకానొక ఘడియలో లోపల ఏదో సడలినట్లు చేతికి తెలుస్తుంది. లేదా బంపరు మధ్య రంధ్రంలోంచి హ్యాండిలు దూర్చి, కొట్టకుండా, ఊరక బరువు మోపి చూస్తారు. హ్యాండిలు కొట్టడం వేరు, హ్యాండిలుతో అడగడం వేరు. ఈ రెండవ విద్య క్రమంగా అంతరించిపోతున్నదని పాతతరం డ్రైవర్లు అనడంలో అతిశయోక్తి లేదు. ఇక్కడ పనిచేసినది బలమా, నూనెయా, కాలమా అని విడదీయడం సాధ్యపడదు. తపస్సు అనే మాటకు ఎండలో నిలబడడం, ఒంటికాలిపై ఉండడం మొదలైన అర్థాలే ప్రచారంలో ఉన్నా, కఠినమైన దానిని స్నేహద్రవ్యంలో నానబెట్టి దాని గడువును దానికే వదలి ఎదురుచూడడం కూడా తపస్సులో ముఖ్యమైన అంగమే.

ప్రతి మేకుకూ ఒక తత్త్వాన్ని అంటగట్టడం చింతన అనిపించుకోదు. రేడియేటరు గొట్టాలు పగిలి ఉంటే మార్చాలి, ఫ్యాన్ బెల్టు ఎండి ఉంటే మార్చాలి, వాటిలో వెతకవలసిన వేదాంతం ఏమీ లేదు. బ్యాటరీ విషయంలో మాత్రం ఒక మాట. ఛార్జి లేక ఏళ్ళు గడిచిన సీసపు పలకల మీద గంధకలవణం గట్టిపడి, ఎంత ఛార్జి పెట్టినా స్వీకరించని స్థితికి అవి చేరుకొంటాయి. ఓపికతో బాగుపడనివి కూడా లోకంలో కొన్ని ఉంటాయని ఒప్పుకొని దాన్ని విడిచిపెట్టవలసిందే. మొదటి భ్రమణానికి కావలసిన బలాన్ని బయటి నుంచి అరువు తెచ్చుకోవడం దోషం కాదు. ఇంజను తిరగనారంభించిన పిమ్మట దానికి కట్టిన డైనమో తన విద్యుత్తును తానే సృష్టించుకొంటుంది. గురుకృప ఎంతవరకో, స్వప్రయత్నం ఎక్కడి నుంచో తేలక తర్కించుకొనేవారు ఈ ఏర్పాటును ఒకసారి పరిశీలించవచ్చు.

ఇక్కడి నుంచి విషయం సూక్ష్మతరమవుతుంది. గాలి వస్తున్నది, పెట్రోలు వస్తున్నది, ఇంజను చేతికి తిరుగుతున్నది, అయినా అగ్ని పుట్టదు. ప్లగ్గు తీసి లోహానికి ఆనించి చూస్తే నిప్పురవ్వ రాలదు. 'కరెంటు రావడం లేదు' అంటాడు మిస్త్రీ. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, రోటరు లాగి చూస్తే, లోపల చిన్న వేలిగోరంత స్థలంలో రెండు లోహపు బిళ్ళలు, పాయింట్లు, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. చూపుకు వాటికి ఏ లోపమూ లేదు; తుప్పు లేదు, పగులు లేదు. కానీ గాలి తగిలి నిలిచినందువల్ల వాటి ముఖాల మీద కంటికి ఆనని ఒక పొర ఏర్పడి ఉంటుంది. ఇంత బరువైన ఇంజనునూ, ఇంత పెద్ద దేహాన్నీ నిలిపివేసినది ఆ పొర. అద్వైతులు ఆవరణమని నిరూపించేది ఇటువంటి దానినే: వస్తువును నాశనం చేయదు, వికృతం చేయదు, స్పర్శను మాత్రం అడ్డుకొంటుంది. సన్నని గరుకు కాగితంతో రెండుసార్లు రుద్ది, గుడ్డతో తుడిస్తే పోయే ఆ పొరను గుర్తించక, కార్బురేటరు మార్చినవారూ, కాయిల్ మార్చినవారూ, విసిగి బండినే తుక్కు కింద అమ్మివేసినవారూ ఎందరో ఉన్నారు.

పొర పోయిన పిమ్మట ఆ పాయింట్లు చేసే పనిలోనే ఈ చింతనకంతటికీ కీలకమైన రహస్యం ఇమిడి ఉన్నది. సాధారణంగా అందరూ ఊహించుకొనేది, రెండు బిళ్ళలూ కలిసినప్పుడు విద్యుత్తు పారి నిప్పురవ్వ పుడుతుందని. వాస్తవం అందుకు విపర్యయం. కలిసినంతసేపు బ్యాటరీలోని పన్నెండు వోల్టుల ప్రవాహం కాయిల్‌లో ప్రవేశించి, నిశ్శబ్దంగా ఒక అయస్కాంతక్షేత్రాన్ని కూడబెడుతూ ఉంటుంది. అగ్ని అప్పుడు పుట్టదు. బిళ్ళలు విడివడిన తత్క్షణం ఆ కూడబెట్టిన క్షేత్రం కూలి, కాయిల్ రెండవ చుట్టలో వేల వోల్టుల శక్తి ఉప్పొంగి, ప్లగ్గు కొనలో అగ్నికణమై దూకుతుంది. సంయోగం కూడబెట్టినదాన్ని వియోగం వెలిగిస్తుంది. చిత్తనిరోధానికి అభ్యాసమూ వైరాగ్యమూ రెండూ కావాలని పతంజలి చెప్పినప్పుడూ, మనస్సును పట్టడానికి ఆ రెండే ఉపాయాలని గీత చెప్పినప్పుడూ, వాటిని రెండు వేర్వేరు గుణాలుగా, ఒకటి కర్మిష్ఠులకూ మరొకటి సన్న్యాసులకూ చెందినవిగా భావించడం పరిపాటి. పాయింట్ల వ్యవహారం వేరొక విధంగా సూచిస్తుంది: పట్టుకోవడమూ విడవడమూ ఒకే క్రియకు రెండు అర్ధభాగాలు. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో ఆ బిళ్ళలు సెకనుకు నూరుసార్లు కలిసి నూరుసార్లు విడిపోతాయి. ఎప్పుడూ కలిసే ఉంటే కాయిల్ వేడెక్కి కాలుతుంది, నిప్పు మాత్రం పుట్టదు. జపంలో, సేవలో, గ్రంథాధ్యయనంలో విరామం లేక మునిగి, వేడిని తప్ప వెలుగును ఎరుగని ఆరాటపరులు ఇందుకు నిదర్శనం. ఎప్పుడూ విడిపోయే ఉంటే కూడబెట్టినదంటూ ఏదీ లేదు కనుక విడవడానికీ ఏదీ లేదు. కూడబెట్టకుండానే వైరాగ్యాన్ని ప్రదర్శించేవారి శూన్యత అటువంటిది. ఆ రెండు బిళ్ళల మధ్య విడివడే ఎడమును 0.4 మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఫీలర్ గేజితో కొలిచి నిలిపే మిస్త్రీ, ఆ కొలత ఎందుకో చెప్పలేకపోవచ్చును గాని, తప్పితే ఏమవుతుందో ఎరుగును. ఆ పక్కనే కొసవేలి కణుపంత ఉండే కండెన్సరును గురించి కూడా చెప్పక తప్పదు. బిళ్ళలు విడివడేటప్పుడు శక్తి ఆ విరామంలోనే మండిపోకుండా ఇది దాన్ని తనలోకి తీసుకొంటుంది. ఇది చెడితే నిప్పు సిలిండరులో కాక పాయింట్ల మీదనే రాజుకొని, బిళ్ళలను నల్లగా మాడ్చివేస్తుంది. విడిచిన చోటనే మెరుపు కనిపిస్తే, త్యాగస్థానంలోనే శోభ అంతా ఖర్చయితే, లోపల వెలగవలసినది చీకటిలోనే ఉండిపోతుంది. తాను విడిచినదాన్ని గురించి తరచు మాట్లాడే త్యాగులకు ఇంతకంటే కఠినమైన నిర్వచనం దొరకడం కష్టం.

ఇన్ని సిద్ధమైన పిదప కూడా అనుభవజ్ఞుడు వెంటనే అగ్నిని పిలవడు. పాత నూనె ఒంపి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే, అంటే కుంభకభారం ఏమీ లేకుండానే, సెల్ఫ్‌తో ఇంజనును కొద్దికొద్దిసేపు తిప్పుతాడు. నూనె పంపు లేచి, సన్నని నాళాల గుండా ప్రతి బేరింగునూ చేరి, డాష్‌బోర్డు మీది ఆయిల్ ప్రెషర్ సూచన కదలే వరకు ఇది సాగుతుంది. స్నేహం ప్రతి సంధికీ చేరకముందే మండిన అగ్ని దాహకమే కాని పాచకం కాదు. అటుపైని ప్లగ్గులు బిగించి, చోక్ లాగి, తాళం తిప్పినప్పుడు, ఒకటి రెండు తుమ్ములు తుమ్మి, మూడు సిలిండర్ల మీద కుంటుతూ కొంతసేపు తడబడి, నాలుగవదీ అందుకొన్నప్పుడు, సైలెన్సరు నుంచి వెలువడే పొగ వాడకట్టునంతా కమ్మేస్తుంది. నీలిపొగ నానబెట్టిన నూనె కాలడం వల్లది, తెల్లపొగ లోపల దాగిన తేమ వల్లది. చూసేవారు ముక్కు మూసుకొని ఇంజను పోయిందని తీర్పు చెబుతారు. వాసనాక్షయం ఆరంభమైన సాధకుడు కూడా కొంతకాలం మునుపటికంటే కోపిష్ఠిగా, మునుపటికంటే కలతగా కనిపించి, ఇంటివారి చేత 'ఈ పూజలు మొదలుపెట్టినప్పటి నుంచే ఇలా తయారయ్యాడు' అనిపించుకోవడం విన్నదే. లోపల ఉన్నది బయటికి పోతున్నదా, లోపల కొత్తగా పుడుతున్నదా అన్నది ఒక్కటే విచారించవలసినది. పొగ క్రమంగా పలుచబడితే మొదటిది. గంటలు గడిచినా నీలం తగ్గకపోతే రింగులు నిజంగానే పోయాయి, అప్పుడు ఇంజను విప్పక తప్పదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగే వరకు ఏక్సిలరేటరు తొక్కి రేస్ చేయడం, శబ్దం విని మురిసిపోవడం, వీడియో తీసి బంధువులందరికీ పంపడం వాయిదా వేసుకోవచ్చు.

ఇంజను తిరిగినంతనే బండి రోడ్డెక్కదు. ఇంజను మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా బ్రేకుల మీద పెట్టినవారు తక్కువ. మాస్టర్ సిలిండరులోని రబ్బరు ఎండి, బ్రేకు నూనె తేమ పీల్చుకొని, డ్రమ్ములు తుప్పుపట్టి ఉన్న వాహనానికి ప్రాణం పోయడం ఊరి మీదికి ఆపద తోలడమే. యమనియమాలను ప్రాణాయామానికి ముందు నిలిపిన క్రమం ఛాందసం కాదని ఇక్కడైనా తెలియాలి. ఇక మిగిలినది నడక. మహర్నవమినాడు షెడ్డులోంచి బయటికి తీసి, కడిగి, పసుపు కుంకాలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయల మీదుగా నాలుగడుగులు నడిపి, మళ్ళీ సంవత్సరం వరకు గుడ్డ కప్పి ఉంచే ఆయుధపూజ మన ప్రాంతంలో చాలా పాతకార్లకు జరుగుతున్న ఏకైక సేవ. ఇంకొంచెం శ్రద్ధ గలవారు వారానికొకసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతారు. ఇది ఉపకారమని వారి నమ్మకం. దహనంలో పుట్టిన నీటి ఆవిరి ఇంకా పూర్తిగా వేడెక్కని ఇంజనులో చల్లబడి, చాంబరులోని నూనెలో కలిసి, దాన్ని ఆమ్లంగా మార్చి, బేరింగులను తినివేస్తుందన్నది వాస్తవం. ఎంతో కొంత చేశామన్న తృప్తిని మాత్రం ఇచ్చి లోపల తేమను పెంచే ఐదు నిమిషాల సాధన అసలు లేనిదానికంటే ప్రమాదకరం కావచ్చు. దీర్ఘకాలం, నిరంతరం, ఆదరపూర్వకంగా అని అభ్యాసానికి పెట్టిన మూడు నియమాలలో మూడవదాన్ని విడిచి మొదటి రెండింటినీ పాటించినందువల్ల కలిగే చిక్కు ఇది. బండిని బయటికి తీసి, ఉష్ణోగ్రత సూచిక తన స్థానానికి చేరి అక్కడ నిలిచే వరకు, అరగంటకు తక్కువ కాకుండా, బరువు మీద నడపాలి. అలా కొద్ది వందల కిలోమీటర్లు నడిచిన తరువాత చాంబరు మర విప్పి చూస్తే, మొన్న మొన్ననే పోసిన తేనెరంగు నూనె నల్లగా దిగుతుంది. ఏళ్ళ మురికిని కరిగించి మోసుకొని వచ్చినది అదే. ఆరంభంలో కలిగిన ఆ శాంతిని, ఆ తేలికదనాన్ని సిద్ధిగా భావించి దాచుకొనేవారు ఈ నూనెను కూడా ఖరీదైనదని ఉంచుకొంటారు. మిస్త్రీ దాన్ని ఒంపివేసి, ఫిల్టరు మార్చి, మళ్ళీ కొత్తది పోస్తాడు.